టీవీకి వీపు పెట్టి కూర్చున్న డార్లీన్

రౌడీ రస్టీస్ వాళ్లు మా విట్‌మోర్‌లో బారు తెరుస్తున్నారని తెలిసిన రోజున మేమంతా డార్లీన్ ప్రొహాస్కా బారులో కౌంటరు మీద చేతులు పెట్టి ఒట్టు వేసుకున్నాం. చచ్చినా ఆ గడప తొక్కకూడదని. ఒట్టు మాటలు కూర్చింది హాలొరన్ మేష్టారు. కాలేజీలో నీతిశాస్త్రం చెబుతాడు కాబట్టి ఒట్లూ శపథాలూ ఆయన శాఖే. "ఆత్మ లేని చోట గుక్కెడు కూడా తాగను" అన్న ముక్క చివర్లో ఆయనే చేర్చాడు. పోస్టుమాన్‌గా చేసి రిటైరైన వెండెల్ ఆ మాటకి కళ్లు తుడుచుకున్నాడు. అప్పటికే అతను చాలా తాగి ఉన్నాడు లెండి.

రస్టీ అనే మనిషి ఎక్కడా లేడు. దేశమంతా వాళ్ల బార్లే, అన్నీ ఒకే అచ్చులో పోసినవే. గోడల నిండా టీవీలు, రిఫరీల్లా చారల చొక్కాలేసుకుని వడ్డించే పిల్లలు, ఎంత కారం కావాలో నంబరు చెప్పి తెప్పించుకునే కోడి రెక్కలు. ప్రతి ఊళ్లోనూ ఒక గోడకి 'మన ఊరి గోడ' అని పేరు పెట్టి పాత ఫొటోలు, చిరిగిన జెర్సీలు తగిలిస్తారు. మా ఊరి గోడకి ఒక పడవ తెడ్డు కూడా తగిలించారు. మా ఊళ్లో మోకాలి లోతు వాగు తప్ప నీళ్లే లేవు. ఆ తెడ్డు ఏ ఊరికి వెళ్లవలసిందో పాపం.

మాకు ఉన్నవి రెండే. కాలేజీ ఒకటి, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే దాని ఫుట్‌బాల్ జట్టు ఒకటి. జట్టు పేరు కొంగలు. వాగు ఒడ్డున కొంగలు ఉండేవని ఆ పేరు పెట్టారట. మా కొంగలు చేపల్ని ఏం పడతాయో గానీ బంతిని మాత్రం పట్టవు. అయినా శరదృతువులో శనివారం వచ్చిందంటే ఊరు ఊరంతా నీలం చొక్కాలు తొడుక్కుంటుంది. మిగతా వారమంతా ఈగలు తోలుకునే డార్లీన్ బారు కూడా ఆ శనివారాల మీదే బతికేది. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

డార్లీన్ బారు వాళ్ల నాన్న పెట్టింది. ఒకటే టీవీ. కౌంటరు మీద సీసాలో వెనిగర్‌లో ఊరుతున్న గుడ్లు. అవి ఎప్పుడు వేసినవో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆడా మగా అందరికీ ఒకటే బాత్రూము, దాని తలుపుకి గడియ లేదు. లోపలికి వెళ్లినవాళ్లు ఒక కాలు చాచి తలుపుని తన్నిపట్టుకుని పని కానిచ్చుకోవాలి. కుళాయిలో ఏ కాలమైనా మంచునీళ్లే. గడియ పెట్టించవే తల్లీ అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. నా షాపు ఆ బారు పక్కనే, జుట్టు కత్తిరిస్తాను, నా పేరు ఓపల్. గడియ మాట ఎత్తినప్పుడల్లా డార్లీన్ ఒకటే అనేది. మీ అందరి బతుకులూ నాకు తెలిసినవేగా, లోపల కొత్తగా దాచుకునేది ఏముంది అని.

నిజమే, ఆవిడకి అందరి సంగతులూ తెలుసు. వెండెల్‌కి బీపీ అని తెలుసు, ఉప్పు వేసిన పల్లీల గిన్నె అతని ముందు నుంచి లాగేసేది. హాలొరన్ మేష్టారు ఎన్నో ఏళ్లుగా ఒక పుస్తకం రాస్తున్నాడని తెలుసు. ఆయన తలుపు తీయగానే "పుస్తకం ఎంతవరకొచ్చింది మేష్టారూ?" అని పలకరించేది. నా రెండో మొగుడు ఎవరితో లేచిపోయాడో కూడా తెలుసు, దాని పుట్టినరోజుతో సహా. ఇదంతా ప్రేమేనని మేం చెప్పుకునేవాళ్లం.

ఇంకో సంగతి చెప్పకపోతే కథ నడవదు. ఆ బారుకి ఒక చట్టం ఉంది. అది డార్లీన్ నాన్న పెట్టింది, డార్లీన్ ఆయన్ని మించిపోయింది. జట్టు బాగా ఆడుతున్నప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడే ఉండాలి, ఏం చేస్తున్నారో అదే చేస్తూ ఉండాలి. గెలిస్తే మళ్లీ శనివారం కూడా అంతే, అదే చొక్కా, అదే కుర్చీ, అదే తిండి. ఓడిపోయేదాకా ఏదీ మారకూడదు. ఒకసారి వెండెల్ బాత్రూములో ఉండగా మావాళ్లు వరసగా రెండుసార్లు స్కోరు చేశారు. డార్లీన్ తలుపు దగ్గర కాపలా నిలబడి ఆట అయ్యేదాకా అతన్ని బయటికి రానివ్వలేదు. ఒక కాలితో తలుపు తన్నిపట్టుకుని సగం ఆట లోపలే గడిపాడు పాపం. బయటికొచ్చాక వారం రోజులు కుంటుతూ నడిచాడు, గర్వంగానే. నవ్వుకోండి. నీతిశాస్త్రం చదివినాయన కూడా గెలిచే కాలంలో సాక్సులు ఉతికించుకునేవాడు కాదు.

ఇక అసలు శనివారం. ఆ రోజు డెన్‌బరో కాలేజీతో ఆట. డెన్‌బరోని మావాళ్లు ఓడించి ఒక తరం అయింది. అయినా మా ఆశ మాది. ఆట మొదలైన కాసేపటికే మావాళ్లు వెనకబడ్డారు. అదీ మామూలే. అప్పుడు డార్లీన్ టీవీ చిన్నగా దగ్గి, వాసన కొట్టి, ఆరిపోయింది. వెండెల్ దాని నెత్తిన రెండు దెబ్బలేశాడు. మేష్టారు ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. అంతకు మించిన విద్య మాలో ఎవరి దగ్గరా లేదు.

రోడ్డుకి అవతల రౌడీ రస్టీస్ కిటికీల్లో ఆకుపచ్చని మైదానం పది చోట్ల మెరుస్తోంది. చివరికి డార్లీనే కౌంటరు బట్ట విసిరికొట్టి, పదండి, ఈ ఒక్క ఆటకే, నీళ్లు తప్ప ఏమీ ముట్టుకోవద్దు అంది. అలా ఒట్టు తీసి గట్టు మీద పెట్టాం. మొట్టమొదట రోడ్డు దాటింది బారు యజమానురాలే.

మమ్మల్ని గోడవారన ఒక పెద్ద బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మేమంతా టీవీ కనపడేటట్టు సర్దుకున్నాం. డార్లీన్ మాత్రం మాకు ఎదురుగా, టీవీకి వీపు పెట్టి కూర్చుంది. శత్రువు ఇంట్లో వాళ్ల టీవీ చూడను, చెవులతో వింటాను చాలు అంది. చేతిలో మంచినీళ్ల గ్లాసు. మేమూ కాసేపు మంచినీళ్లే తాగాం. తర్వాత మేష్టారు, అద్దె కట్టకుండా కుర్చీలో కూర్చోవడం నీతి కాదని మొదలుపెట్టి, నాలుగో నంబరు కారంతో ఒక పళ్లెం రెక్కలు తెప్పించాడు. నేనొకటి తిన్నాను. మాట వరసకి.

ఆ పళ్లెం బల్ల మీదికొచ్చిన నిమిషంలో మావాళ్లు స్కోరు చేశారు. రెండో పళ్లేనికి ఇంకోటి. అంతే, ఇక డార్లీన్ ఎవర్నీ కదలనివ్వలేదు. తల తిప్పబోయిన ఆవిణ్ణి మేం కదలనివ్వలేదు. డెన్‌బరో ఓడిపోయింది. ఊరంతా రోడ్ల మీదికి వచ్చి అరిచింది. మేష్టారు ఎర్రటి కారం చేతులతో నన్ను వాటేసుకున్నాడు, నా తెల్ల కోటు పాడైంది. డార్లీన్ అయితే ఏడ్చేసింది. వాళ్ల నాన్న ఈ గెలుపు చూడకుండానే పోయాడని.

అర్థం కావలసింది అర్థం కావడానికి మాకు ఒక వారం పట్టింది.

డార్లీన్ కొత్త టీవీ కొనుక్కొచ్చి గోడకి బిగించింది. శనివారం పొద్దున్నే నీలం చొక్కా తొడుక్కుని గ్లాసులు తుడుస్తోంది. మేమంతా లోపలికి రాకుండా రోడ్డు మీద నిలబడ్డాం, దొంగకు తేలు కుట్టినట్టు. నిన్నటి చొక్కాలు కావు, పోయిన శనివారం చొక్కాలే, ఉతకనివి. నా తెల్ల కోటు మీద మేష్టారి చేతి ముద్రలు అలాగే ఉన్నాయి. ఆవిడ బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏవయ్యా వెండెల్, లోపలికి రావడానికి నీకు ఆహ్వాన పత్రిక కావాలా?"

"అది కాదు డార్లీన్," అని వెండెల్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "మనం గెలిచింది అక్కడ కదా."

ఆ చట్టం ఆవిడదే. ఆ చట్టం కోసమే ఒక మనిషిని ఒంటికాలి మీద బాత్రూములో నిలబెట్టిన మనిషి. ఇప్పుడు చెల్లదంటే ఎలా? పైగా ఆవిడ కూడా నమ్ముతుంది, మా అందరికన్నా ఎక్కువ. కాసేపు కొత్త టీవీ వైపు చూసింది. తర్వాత లోపలికెళ్లి దీపాలు ఆర్పి, తలుపుకి తాళం వేసి, మాతో పాటు రోడ్డు దాటింది. టీవీకి వీపు పెట్టి అదే చోట కూర్చుంది. మావాళ్లు మళ్లీ గెలిచారు.

ఆ పై శనివారమూ గెలిచారు. ఆ పైదీ. పుట్టి బుద్ధెరిగాక మా కొంగలు ఇలా గెలవడం ఎవరూ ఎరగరు. ఊరంతా సంబరం, మధ్యలో డార్లీన్ బారు తాళం. శనివారాలు పోయాయి సరే, మిగతా వారమన్నా మేం వెళ్లాలి కదా. మొదట్లో వెళ్లాం. తర్వాత ఒక మంగళవారం మేష్టారు రౌడీ రస్టీస్‌లో ఒంటరిగా కూర్చుని రెక్కలు తింటూ నాకు దొరికిపోయాడు. ఇవాళ ఆట లేదుగా మేష్టారూ అంటే, సాధన అన్నాడు. నోటినిండా ఉన్నది మింగి మరీ అన్నాడు.

నేనెందుకు వెళ్లానని మీరు అడగరని నా నమ్మకం.

అక్కడ అంత ఏముందని బయటివాళ్లు అడుగుతూనే ఉంటారు. ఏమీ లేదు, అదే దాని గొప్ప. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ అది పుల్లకూర కూడా కాదు, దేశమంతా ఒకే డబ్బాలోంచి వచ్చే కారం. అయితే కుర్చీలు మెత్తగా ఉంటాయి. కుళాయిలో వేడినీళ్లు వస్తాయి. బాత్రూము తలుపు గడియ పడుతుంది, అది పడేటప్పుడు టక్కుమని ఒక చప్పుడు, ఆ చప్పుడుకి నాకు ప్రాణం లేచొచ్చేది. వడ్డించే పిల్ల నవ్వుతూ వచ్చి నా పేరు మేడిసన్ అంటుంది, అటు తిరగ్గానే మనల్ని మర్చిపోతుంది. వెండెల్ ముందు ఉప్పుడబ్బా పెట్టి వెళ్లిపోతుంది, దాన్ని ఎవరూ లాగెయ్యరు. మేష్టారిని పుస్తకం గురించి ఎవరూ అడగరు. నన్ను చూసి రెండో మొగుడు గుర్తుకొచ్చేవాళ్లు ఆ నాలుగు గోడల మధ్య ఒక్కరూ లేరు. మమ్మల్ని ఎరిగిన మనిషి అక్కడ ఒకే ఒక్కతె. ఆవిడ టీవీకి వీపు పెట్టి మా మొహాల్లోకే చూస్తూ కూర్చునేది.

మేం అది ఆలోచించలేదు. మేం టీవీ చూస్తున్నాం.

రౌడీ రస్టీస్ మేనేజరు పేరు బ్రైస్, మర్యాదస్తుడు. జుట్టు కూడా చక్కగా కత్తిరించుకుంటాడు, నా దగ్గర కాదు. మేం కూర్చునే బల్లకి 'అదృష్టం బల్ల' అని ఇత్తడి రేకు కొట్టించాడు. మా ఫొటో తీసి ఊరి గోడ మీద తెడ్డు పక్కన తగిలించాడు. ఒకరోజు డార్లీన్ దగ్గరికొచ్చి, మేడం, మీ నాన్నగారి బారు ఈ ఊరి చరిత్ర, ఆ గుడ్ల సీసా మాకిస్తే గోడ మీద అరలో పెట్టి చిన్న దీపం అమరుస్తాం అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగా భక్తితోనే అడిగాడు. అందుకే ఆవిడ అతన్ని కొట్టలేకపోయింది. మేష్టారు మాత్రం అది మంచి ఆలోచనే, స్మృతిని కాపాడాలి కదా అన్నాడు. బతికున్న మనిషి ఎదురుగా కూర్చుని నీళ్లు తాగుతుంటే.

ఆ సాయంత్రం నేనూ డార్లీనూ కలిసి రోడ్డు దాటాం. మావాళ్లు ఆ రోజు కూడా గెలిచారు, కార్లు హారన్లు మోగిస్తూ పోతున్నాయి. డార్లీన్ తన బారు తలుపు దగ్గర ఆగి తాళం తీయకుండా నిలబడింది.

"ఓపల్, ఇన్నేళ్లు కౌంటరు వెనక నుంచి వెండెల్ మొహం చూస్తూనే ఉన్నాను కదా. ఆ మనిషి నోరంతా తెరిచి నవ్వడం ఇవాళే చూశానే."

"గెలిచాంగా, నవ్వడా మరి?"

"మనం స్కోరు చేసినప్పుడు కాదు. రెక్కల పళ్లెం వచ్చినప్పుడు."

నేను మాట మార్చాను. చలి ఎక్కువైంది, లోపలికి పదమన్నాను. ఆవిడ కదల్లేదు. మీరంతా అదృష్టం కోసం వెళ్తున్నారనుకున్నాను, అక్కడ సుఖంగా ఉండి వెళ్తున్నారని నా చోట కూర్చుంటే గానీ కనపడదు అంది. ఇలా సాగితే వసంతానికి బారు మూసెయ్యాలి, మూస్తే మూశాను, కానీ ఎందుకు మూస్తున్నానో నాకు తెలియాలి అంది. జట్టు కోసమైతే మూస్తాను, కోడి రెక్కల కోసం మూయను. అది ఆవిడ లెక్క. అదంతా నీ భ్రమ అన్నాను. కారంతో ఎర్రబడ్డ నా వేళ్లు కోటు జేబులో దాచుకునే అన్నాను.

కొంగలు ఫైనల్‌కి వెళ్లాయి. ఎదురు జట్టు మళ్లీ డెన్‌బరోనే. ఆట ఎక్కడో దూరపు ఊళ్లో, శనివారం మధ్యాహ్నం. ఆ వారం మొదట్లోనే డార్లీన్ తన తలుపుకి ఒక కాగితం అంటించింది. శనివారం బారు తెరిచి ఉండును. అంతే రాసింది.

ఊరు గుండెలు బాదుకుంది. కాలేజీ పిల్లల పత్రిక మొదటి పేజీలో డార్లీన్ ఫొటో వేసి, ఈవిడ మన కొంగల మెడ విరుస్తుందా అని అడిగింది. చర్చిలో పాస్టరు ఆవిడ మనసు మారాలని ప్రార్థించాడు. అప్పటిదాకా ఆ బారు మొహం చూడనివాళ్లు కూడా తలుపు కొట్టి, ఒక్క శనివారం వీపు పెట్టి కూర్చోమ్మా, నీ సొమ్మేం పోయింది అని బతిమాలారు. సొమ్మే పోయేది. ఆ మాట ఎవరికీ తట్టలేదు.

చివరికి మేం వెళ్లాం. మేష్టారు మా తరఫున మాట్లాడాడు. ఒకరి నష్టం, వెయ్యి మంది ఆనందం, ఈ రెంటిలో ఏది బరువో తూచి చూడాలని, పాత తత్వవేత్తలు కూడా ఇదే అన్నారని చాలాసేపు తూచాడు. డార్లీన్ గ్లాసు తుడుస్తూ అంతా వింది.

"మేష్టారూ, పుస్తకం ఎంతవరకొచ్చింది?" అంది.

మేష్టారు టోపీ తీసుకుని బయటికి నడిచాడు. వెండెల్ కాళ్లు అటూ ఇటూ మార్చాడు, అతని చూపు పల్లీల గిన్నె మీద ఉంది. "ఏవయ్యా, ఆట మొదలవకముందే ఆ గిన్నె నీ కుర్చీ ముందు పెట్టి ఉంచుతాలే," అంది డార్లీన్ మెత్తగానే. "చట్టం నాకూ తెలుసు. ఓడిపోతే ఆ చోటుకి అదృష్టం లేనట్టేగా. అప్పుడన్నా రండి. తలుపు తెరిచే ఉంటుంది."

శుక్రవారమంతా నా షాపు గోడ అవతల డ్రిల్లు మోత. ఒక ప్లంబరు వ్యాను కూడా వచ్చి మధ్యాహ్నందాకా నిలబడింది. నా కత్తెర కింద ఉన్న ఆవిడ, డార్లీన్‌కి పిచ్చి పట్టింది, మూసేసే బారుకి మరమ్మతులేమిటి అంది. నేను అవునన్నాను. గిరాకీతో వాదించకూడదు.

శనివారం వచ్చింది. అదృష్టం బల్ల దగ్గర డార్లీన్ చోటు ఖాళీగా ఉంటే అంతా గగ్గోలు పెట్టారు. బ్రైస్ దానికీ దారి చూపించాడు. మా ఫొటోలోంచి డార్లీన్‌ని కత్తిరించి, పెద్దది చేయించి, మనిషంత అట్టబొమ్మ తయారు చేయించాడు. దాన్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు, టీవీకి వీపు పెట్టి. నడుం దగ్గర వంగదు కాబట్టి వెనక ఒక కర్ర ఆనించారు. ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టారు. ఆవిడ నీళ్లే తాగేది కదా. వెండెల్ అట్టబొమ్మకి హలో చెప్పాడు. మేష్టారు దాని మొహంలోకి చూడలేక కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు. నేనూ జరుపుకున్నాను. ఫొటో తీసిన రోజు డార్లీన్ మా వైపే చూస్తోంది.

ఆట చివరిదాకా సాగింది. చివర్లో మావాడు ఒకడు తన్నిన బంతి గుంజల మధ్యలోంచి పోవాలి, పోతే మాదే గెలుపు. అది పక్కకి పోయింది, వాగు దాటి వెళ్లే నిజం కొంగలాగా. డెన్‌బరో గెలిచింది. ఇన్ని టీవీల్లో ఒకేసారి ఓడిపోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

కిటికీలోంచి చూస్తే రోడ్డు అవతల డార్లీన్ బారులో దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఆ చలిలో తలుపు బార్లా తెరిచి, మూసుకుపోకుండా అడ్డంగా బీరు పీపా పెట్టి ఉంది. చట్టం ప్రకారం ఇక్కడి అదృష్టం తీరిపోయింది. అందరికీ తెలుసు. చట్టానికి కట్టుబడి ఇక్కడికొచ్చినవాళ్లం, అదే చట్టానికి కట్టుబడి లేవాలి. కొంగ జపమంటే ఏమిటో చూడాలంటే అప్పుడు మా బల్ల చూడవలసింది. కళ్లు మూసుకుని, తలలు వంచుకుని, ముక్కులు మాత్రం వంటింటి వైపు.

మొదట వెండెల్ నోరు విప్పాడు. తప్పు చోటుది కాదు, అట్టబొమ్మది, అసలు మనిషి కూర్చుని ఉంటే గెలిచేవాళ్లం అన్నాడు. దాంతో అందరికీ ఊపిరి వచ్చింది. అవును, డార్లీన్ రాకపోవడం వల్లే. వచ్చే ఏడాది ఆవిణ్ణి ఒప్పించి కూర్చోబెట్టాలి. అంతదాకా చోటు వదలకూడదు, వదిలితే ఉన్న కాస్త అదృష్టమూ పోతుంది. మేష్టారు ఇది తర్కబద్ధంగా ఉందన్నాడు. బ్రైస్ ఊరడింపుగా అందరికీ తలా ఒక పళ్లెం పంపించాడు. నాలుగో నంబరు. మేడిసన్ పళ్లెం నా ముందు పెట్టి నవ్వి వెళ్లిపోయింది.

నేను లేవాలనుకుంటూనే రెండు తిన్నాను. తర్వాత అట్టబొమ్మ మొహం కనపడకుండా దాని పక్కనుంచి తప్పుకుని లేచాను. ఎక్కడికే అని ఎవరూ అడగలేదు. అక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు.

డార్లీన్ కౌంటరు మీద గ్లాసులన్నీ తుడిచి వరసగా పేర్చింది. పల్లీల గిన్నె వెండెల్ కుర్చీ ముందు పెట్టి ఉంది, నిండుగా. కొత్త టీవీలో డెన్‌బరో వాళ్లు గంతులేస్తున్నారు, చప్పుడు తీసేసింది. ఆవిడ నా వెనక గుమ్మం వైపు చూసింది. ఇంకెవరూ లేరు. కాసేపు అలాగే చూసింది.

"ఓడిపోయాం," అన్నాను.

"చూశాను." బట్ట మడతపెట్టి పక్కన పెట్టింది. "ఓపల్, ఆ కుర్రాడు బంతి తన్నబోతుంటే, పక్కకి పోవాలి దేవుడా అనుకున్నానే. మా నాన్న కుర్చీలో కూర్చుని అనుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ మనవాళ్లు ఓడాలని ఒక్కసారి అనుకోలేదు నేను. ఇవాళ అనుకున్నాను, ఓడిపోయారు కూడా. ఐనా ఎవరూ రాలేదు."

"నేనొచ్చాను కదే."

ఆవిడ నా మొహంలోకి చూడలేదు. చేతులకేసి చూసింది. పది వేళ్లూ ఎర్రగా ఉన్నాయి, గోళ్లలోకి కూడా ఎక్కింది.

"ముందు ఆ చేతులు కడుక్కురా," అంది.

వెనక్కి వెళ్లి బాత్రూము తలుపు తోశాను. అలవాటు కొద్దీ లోపలి నుంచి కాలు చాచి తలుపుని తన్నిపట్టుకుని కుళాయి తిప్పాను. వేడినీళ్లు వచ్చాయి. ఉలిక్కిపడి చెయ్యి తీసేశాను.

"కాలు దించవే," బయటి నుంచి డార్లీన్ గొంతు వినపడింది. "గడియ పెట్టించాను."

చూస్తే నిజంగానే ఉంది. కొత్తది, స్టీలుది, కింద రంపపు పొట్టు కూడా ఇంకా తుడవలేదు. కాలు దించి గడియ వేశాను. టక్కుమంది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా ఆ రంగు వదల్లేదు, బయట ఆవిడ గ్లాసులు ఒక్కొక్కటే మళ్లీ అలమారులో పెడుతున్న చప్పుడు అయిపోయేదాకా నేను ఆ గడియ తీయలేదు.